జర ఆగు

నీళ్ళ అంచు నుంచి పైకి మూడు బారల దాకా పాచి గీకేసి, రూతమ్మ నడుం మీద చేయి వేసుకుని నిటారుగా నిలబడింది. చేతిలో ఇనుప తీగల బ్రష్షు ఉంది. పాదాలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకుని ఉంది. పాచి మీద జారకుండా అది ఆమె సొంత ఏర్పాటు. చేపల సొసైటీ వాళ్ళు ఒకసారి రబ్బరు బూట్లు తెచ్చి ఇచ్చారు గానీ అవి ఆమె పాదాలకంటే రెండు అంగుళాలు పొడుగు. ఆ బూట్లలో ఇప్పుడు ఇంటి ముందర రెండు బంతి మొక్కలు పెరుగుతున్నాయి.

అక్టోబరు నెల. ప్రాజెక్టు నిండి, గోదావరి వెనక్కి తన్ని, నవీపేట మండలంలోని ఆ ఒడ్డు దాకా నిలిచి ఉంది. నీళ్ళ మీద మంచు ఇంకా లేవలేదు. అవతలి ఒడ్డు కనిపించడం లేదు. కొంగ ఒకటి మంచులోంచి వచ్చి, కాసేపు ఏదో ఆలోచించుకుని, మళ్ళీ మంచులోకే పోయింది.

రేవు అంటారు గానీ అది నిజానికి ఒక రోడ్డు. ప్రాజెక్టు కట్టకముందు అది కింద ఉన్న ఊరికి పోయేది. ఊరు మునిగింది. ఆ సంగతి రోడ్డుకు ఎవరూ చెప్పలేదు కాబోలు, అది ఇప్పటికీ అదే దారిన నీళ్ళలోకి దిగి వెళుతోంది. పన్నెండేళ్ళ కింద దాని మీద సిమెంటు పోసి, అడ్డంగా గాడులు కొట్టి, పడవలు దింపే ర్యాంపు చేశారు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే సిమెంటు అయిపోయి పాత కంకర బయటపడుతుంది. ఇంకా తగ్గితే గోడల మొదళ్ళు, ఒక బావి గిలక స్తంభం కనబడతాయి. నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో ఆ ఊళ్ళో కింద ఇంకా ఎవరో పొయ్యి ముట్టిస్తున్నట్టు, పైకి లేచే ఈ మంచు ఆ పొయ్యిల పొగేనన్నట్టు రూతమ్మకు అనిపిస్తుంటుంది. ఈ మాట ఒకసారి చర్చిలో పాస్టరమ్మతో అంది. ఆమె నవ్వి, రాత్రి సరిగా నిద్రపోతున్నావా అని అడిగింది.

చేపల సొసైటీ రిజిస్టరులో రూతమ్మ స్వీపరు. చేసే పని మాత్రం వేరు. ట్రాక్టరు వెనక ట్రాలీ మీద పడవ వస్తుంది. ట్రాలీని రివర్సులో నీళ్ళలోకి దింపాలి. పడవ తేలగానే కట్లు విప్పి, ట్రాక్టరును పైకి లాగేయాలి. వినడానికి ఇంతే. కానీ ట్రాక్టరు పాచి మీద జారితే పడవతోపాటు అదీ నీళ్ళలోకి పోతుంది. కట్లు ముందే విప్పితే పడవ సిమెంటు మీద పడి పగులుతుంది. అడుగున నీళ్ళు వంచేసే రంధ్రానికి బిరడా పెట్టడం మరిచిపోతే తేలిన పడవ తేలినట్టే మునుగుతుంది. రూతమ్మ చక్రాల వెనక చింతచెక్క అడ్డం పెడుతుంది, బిరడా వేలితో తడిమి చూస్తుంది, కట్లు లెక్క చూస్తుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఏమీ జరగకుండా చూడడం ఆమె పని. ఏమీ జరగని రోజున ఆమె పని చేసినట్టు ఎవరికీ కనబడదు.

ఆ రేవులో ఇంకో కట్టుబాటు ఉంది. అదీ రూతమ్మ పెట్టిందే. పడవ దిగుతున్నంతసేపూ ఎవరూ నోరెత్తకూడదు. చేతులతోనే చెప్పాలి. కుడిచేయి తిప్పితే రమ్మని, రెండు చేతులూ పైకెత్తితే నిలిచిపొమ్మని. సరిహద్దు దగ్గరి రేవు కాబట్టి అక్కడ తెలుగు, ఉర్దూ, మరాఠీ తిరుగుతాయి, ఆదివారాలు సీసాలోంచి పుట్టే నాలుగో భాష కూడా ఒకటి వినబడుతుంది. అన్నీ ఒకేసారి అరిస్తే డ్రైవరు దేన్ని వింటాడు? సరేనని అందరూ ఒప్పుకున్నారు. కుర్రకారు మాత్రం దానికి మూగరేవని పేరు పెట్టారు.

రూతమ్మ నోటి నుంచి ఒక మాట అసలే రాదన్నది కూడా వాళ్ళు కనిపెట్టారు. బస్సును ఆపాలన్నా, కోడిపిల్లను అదిలించాలన్నా, అందరూ అనే ‘ఆగు’ అన్న మాట ఆమె అనదు. "నిలవడు" అంటుంది, లేదా "ఉండు" అంటుంది. ఆ మాట అనిపించాలని పందెం వేసుకుని ఆమె చెప్పు ఎత్తుకుని పరిగెత్తిన వాళ్ళు కూడా ఉన్నారు. ఆమె వెనకే నిలబడి నవ్వింది తప్ప అనలేదు. ఎందుకు అనదో మాత్రం ఎవరికీ తెలియదు.

ఏడు గంటలకు సొసైటీ కార్యదర్శి రవీందర్ బండి మీద వచ్చాడు. ఇంజను ఆపకుండానే చెప్పాడు.

"అవ్వా, ధర్మాబాద్ నుంచి మూడు పడవలొస్తున్నయ్. దేవిదాసే తెస్తుండు. గీ ట్రిప్పుతోని ఆయన పని బంద్ అట. బిడ్డ దగ్గరికి, పుణె దిక్కు పోతుండట."

"మళ్ళ రాడా?"

"ఎందుకొస్తడు? ట్రాక్టరు గూడ అమ్ముతుండు వాళ్ళ సేటు." రవీందర్ బండి తిప్పుకుని, ఒక క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. "నీకైతే మంచిదే గదా. ఆ మొకం సూసే తిప్పలు తప్పినయ్."

రూతమ్మ బ్రష్షును రాతికి కొట్టి పాచి దులిపింది. బండి పోయాక కూడా బ్రష్షు పట్టుకుని అక్కడే ఉండిపోయింది. ఎనిమిదేళ్ళుగా, వచ్చే ఏడు చెబుదాం, వచ్చే ఏడు చెబుదాం అనుకుంటూ వచ్చింది. ఇక వచ్చే ఏడు లేదు. దేవిదాసుకు చెప్పాల్సిన మాట ఈ రోజు చెప్పాలి, లేకపోతే దాన్ని తనతోపాటు మట్టిలో పెట్టించుకోవాలి.

తొమ్మిదిన్నరకు నిజామాబాద్ నుంచి నాగేందర్ అనే హార్డువేరు షాపాయన జీపు వెనక కొత్త ఫైబరు పడవ తగిలించుకుని వచ్చాడు. ఎర్రటి పడవ. దాని మీద కూతురి పేరు, పూలు, సూర్యుడు, ఒక నెమలి. జీపు దిగకుండానే వెనక్కి పోనివ్వబోయాడు. రూతమ్మ రెండు చేతులూ ఎత్తి నిలబడింది.

"బిరడా పెట్టినవా బిడ్డా?"

"ఏం బిరడా?"

రూతమ్మ పడవ వెనక్కి వంగి, అడుగున ఉన్న రంధ్రంలో చూపుడు వేలు పెట్టి చూపించింది. వేలు లోపలికి సాఫీగా పోయింది. నాగేందర్ ఆ వేలినీ, పడవనూ, నెమలినీ మార్చి మార్చి చూశాడు. బిరడా కొన్న డబ్బాలోనే ఇంటి దగ్గర ఉండిపోయింది. షాపు నిండా బిరడాలు అమ్మే మనిషికి అది పెద్ద అవమానమే. రూతమ్మ ఒడ్డున ఎండబెట్టిన మక్క కంకుల్లోంచి ఒక బెండు ఏరి, కత్తితో చెక్కి, పాత చీరపేలిక చుట్టి, రంధ్రంలో బిగించి రాయితో కొట్టింది. తడికి అది ఉబ్బి ఇంకా బిగుసుకుంటుందని చెప్పింది. ఒడ్డు కనబడేంత దూరంలోనే తిరగమంది, పిల్లకు లైఫ్ జాకెట్టు తొడిగే దాకా చక్రాల వెనక చెక్క తీయలేదు. నాగేందర్ పడవ నీళ్ళలో తేలి, పలచబడుతున్న మంచులోకి ఎర్రగా జారిపోయింది. ఆ రోజు అక్కడ ఏమీ జరగలేదు.

రూతమ్మ గట్టు మీద కూర్చుని నీళ్ళకేసి చూసింది. తొమ్మిదేళ్ళ కింద జోసెఫ్ నిలబడిన చోటు అక్కడే, ఇప్పుడు అల ఒకటి వచ్చి మెత్తగా విరిగిన చోట.

జోసెఫ్ ఆమె భర్త. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ బోధన్ చుట్టూ చెరుకు కొట్టే పనులకు తిరిగారు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గింది. జోసెఫ్ ఈ రేవుకు వచ్చాడు. నడుం లోతు నీళ్ళలో నిలబడి ట్రాలీ మీది కట్లు విప్పేవాడు. పని చేస్తూ కీర్తనలు పాడేవాడు, రాగం ఎక్కడ తప్పేదో అక్కడ ఇంకాస్త గట్టిగా పాడేవాడు. ఆ రోజు రూతమ్మ అతనికి సద్ది తెచ్చింది. పడవ సగం తేలింది. ట్రాక్టరు ఊరికే నిలబడి ఉంది, దేవిదాసు సైగ కోసం ఎదురుచూస్తున్నాడు. అప్పుడు ఇంజను ఒక్కసారి గుర్రుమంది. జోసెఫ్ పిక్కకు తాడు ఒక చుట్టు చుట్టుకుని ఉండడం రూతమ్మ చూసింది. ట్రాక్టరు కదులుతుందేమోనని భయపడి గొంతు చించుకుని అరిచింది. ట్రాక్టరు ముందుకు దూకింది. తాడు బిగిసింది. జోసెఫ్ నీళ్ళ కిందికి పోయాడు, పడవ జారి అతని మీద పడింది.

పోలీసులు అడిగితే ఆగమన్నానని చెప్పింది. అది నిజం. దేవిదాసు మాత్రం, బాయి ఆగే బోలీ, ముందుకు పొమ్మన్నది, అని స్టేషనులో ఏడ్చాడు. వాడు తాగి ఉన్నాడని ఒకరన్నారు, చెవుడని ఒకరన్నారు, అబద్ధమని రూతమ్మ అనుకుంది. ఊళ్ళోవాళ్ళు అతన్ని కొట్టారు. పదిహేను రోజులు జైల్లో ఉన్నాడు. మూడేళ్ళు వాయిదాలకు తిరిగాడు. చివరికి పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. ఆ తర్వాత ఏడాదికొకసారి పడవలు తెచ్చి, తల వంచుకుని దింపి, తల వంచుకుని పోయేవాడు.

జోసెఫ్ పోయిన ఏడాదికి, ఒక శనివారం, రూతమ్మ నవీపేట మేకల సంతకు పోయింది. ఎండలో, దుమ్ములో, మేకల అరుపుల మధ్య ఒక మరాఠీ వ్యాపారి టెంపో పక్కన నడుస్తూ దారి చూపిస్తున్నాడు. "జరా ఆగే... జరా ఆగే..." అని హిందీలో డ్రైవరుకు చెబుతున్నాడు. టెంపో కొంచెం కొంచెం ముందుకు పోతోంది. రూతమ్మ అక్కడే నిలిచిపోయింది. ఎవరో తోసుకుంటూ పోయారు, ఒక మేక ఆమె కొంగు నమలసాగింది. తాను ఆ రోజు అరిచిన మాట ఆమె చెవుల్లో మళ్ళీ మోగింది. జర ఆగు. జరా ఆగే. అసలు ఆ మాట అనకపోయి ఉంటే, దేవిదాసు ఆగే ఉండేవాడు.

ఆ సాయంత్రం ఇంట్లో, పన్నెండేళ్ళ ప్రిస్కిల్లా అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అడిగింది. "బాపును ఆ డ్రైవరే సంపిండు గదా అమ్మా?" రూతమ్మ పొయ్యి వైపు తిరిగి "ఊ" అంది. ఆ ఒక్క ఊ ఎనిమిదేళ్ళుగా ఆమె గుండెలో కూర్చుని ఉంది. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా దేవుడి కంటే ముందు అదే పలుకుతుంది.

పదకొండుకు దేవిదాసు వచ్చాడు. పొడుగాటి మనిషి, కాస్త ఒంగిపోయాడు. చెవుల మీదుగా తెల్ల రుమాలు చుట్టుకుని ఉన్నాడు. మూడు పడవలనూ ఒక్కొక్కటే దించారు. రూతమ్మ చేయి తిప్పింది, రెండు చేతులూ ఎత్తింది, అడ్డచెక్క పెట్టింది, తీసింది. అతను ఆమె చేతులనే చూస్తూ, వేలెడు కూడా ఎక్కువ తక్కువ కాకుండా ట్రాలీని నడిపాడు. సొసైటీ వాళ్ళు పడవలు ఎక్కి మోటార్లు పరీక్షిస్తూ దూరం వెళ్ళారు. మంచు పూర్తిగా లేచిపోయింది. నీళ్ళు ఆకాశమంత వెడల్పుగా ఉన్నాయి. ఒడ్డున ఇద్దరే మిగిలారు.

దేవిదాసు గట్టు మీద కూర్చుని చేతులు తుడుచుకున్నాడు. రూతమ్మ ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె అతనికి ఏదైనా ఇవ్వడం అదే మొదటిసారి. అతను గ్లాసును రెండు చేతులతో అందుకున్నాడు.

"దేవన్నా," అంది రూతమ్మ. "గా దినం నేను ఏమని మొత్తుకున్ననో యాదికున్నదా?"

"జానే దో బాయీ. అయిపోయింది."

"నాకైతే కాలే." ఆమె కొంగును వేలికి చుట్టుకుంది, విప్పింది. ఎనిమిదేళ్ళుగా వాడని మాట నాలుకకు కొత్తగా, బరువుగా తగిలింది. "నేను... జర ఆగు, అన్న."

దేవిదాసు గ్లాసు దించాడు. తనలో తాను ఆ మాటను పలికి చూసుకున్నాడు. జర ఆగు. జరా ఆగే. మళ్ళీ ఒకసారి.

"మళ్ళొక్కసారి అను బాయీ. ఇక్కడ కాదు. అక్కడ నిలవడి. అప్పటి లెక్కనే."

అతను లేచి ట్రాక్టరు ఎక్కాడు. రూతమ్మ అలవాటు కొద్దీ ముందు వెళ్ళి వెనక చక్రాలకు చెక్క చూసుకుంది. ట్రాలీ చుట్టూ, నీళ్ళలో, ఎవరూ లేరని రెండుసార్లు చూసింది. నీళ్ళ అంచున, ఆ రోజు నిలబడిన చోటే నిలబడింది. ఇంజను మోగింది. దేవిదాసు వీపు ఆమె వైపు ఉంది. రూతమ్మ కళ్ళు మూసుకుని, కడుపులోంచి పిలిచింది.

"జర ఆగూ!"

నీళ్ళు ఆ కేకను పట్టుకుని దూరం దాకా తీసుకుపోయాయి. దేవిదాసు చేయి దానంతటదే గేరు మీదికి పోయింది. ట్రాక్టరు జానెడు ముందుకు దూకి, బ్రేకు పడి నిలిచింది. ఇంజను ఆగిపోయింది.

అతను కిందికి దిగి వచ్చేసరికి ముఖమంతా తడిగా ఉంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

"నేను సరిగ్గనే విన్న," అన్నాడు. "బాయీ, నేను సరిగ్గనే విన్న! తాగలే ఆ దినం. చాయ్ తప్ప ఏం తాగలే." రుమాలు విప్పాడు. కుడి చెవిలో గోధుమరంగు వినికిడి మిషను, బఠానీగింజంత, దానికి సన్నటి గొట్టం. "నా కొడుకు ఏదో క్యాంపుకు తోల్కపోయి పెట్టించిండు. ఇది పెట్టుకుంటెనే సేటు ట్రాక్టరిచ్చిండు. దీంతోని గాలి గూడ లారీ లెక్క ఇనబడ్తది. అందరూ చెవుడు చెవుడు అంటే, నేను గూడ అవునేమో అనుకున్న."

"నాకు ఎనిమిదేండ్ల కిందనే ఎర్కయింది అన్నా," అంది రూతమ్మ. దాచుకోవడానికి ఇంకేమీ మిగలకూడదనుకుంది. "చెప్పలే. భయమైంది. నా నోటితోనే ఆయన పోయిండని నా బిడ్డకు తెలుస్తదని."

దేవిదాసు నవ్వు ఆగింది. ఆమెను తేరిపార చూశాడు. అప్పుడతని ముఖంలోకి కోపం వచ్చింది, న్యాయంగా, ఆలస్యంగా.

"ఎనిమిదేండ్లు," అన్నాడు. నీళ్ళవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమెకు కాకుండా నీళ్ళకే చెబుతున్నట్టు అన్నాడు. "నీ మాట సహీ. నా చెవి సహీ. దాంట్ల నీ తప్పు లేదు, నా తప్పు లేదు. కానీ నువ్వు చుప్ ఉన్నవ్ సూడు, గది మాత్రం సహీ కాదు."

"కాదు," అంది రూతమ్మ.

"పోయిన ఏడు బోధన్ బస్టాండ్ల మీ పోరి ఎదురైంది. నర్సు డ్రెస్సు మీద. నన్ను సూసి మొకం తిప్పుకున్నది." అతను రుమాలును చేతికి చుట్టుకున్నాడు. "ఆమెకు చెప్పు. నాకు ఇంకేం వద్దు."

"చెప్త."

"ఈ దినమే చెప్పు."

"ఈ దినమే."

అతను మళ్ళీ గట్టు మీద కూర్చుని చల్లారిన చాయ్ మొత్తం తాగాడు. రుమాలుతో ముఖం తుడుచుకుని, దాన్ని చెవులకు కాకుండా మెడకు చుట్టుకున్నాడు. ట్రాక్టరు ఎక్కాడు. రూతమ్మ చెక్క తీసి, కుడిచేయి తిప్పింది. ఖాళీ ట్రాలీ గాడుల మీద గడగడలాడుతూ వాలు ఎక్కి, మక్క చేల మధ్య రోడ్డు మీదికి మళ్ళింది.

గ్లాసు తీసుకోవడానికి వంగినప్పుడు, దాని పక్కనే గట్టు మీద, అతను చెవిలోంచి తీసి పెట్టిపోయిన మిషను కనబడింది. రూతమ్మ దాన్ని తీసుకుని నాలుగు అడుగులు పైకి పరిగెత్తింది. "దేవన్నా!" అని కేకేసింది. ట్రాక్టరు అప్పటికే చింతల మలుపు దగ్గర ఉంది, ఇంజను మోత మధ్య ఆ కేక ఆమెకే సరిగా వినబడలేదు. దేవిదాసు వెనక్కి తిరగలేదు గానీ, ఒక చేయి పైకెత్తి ఊపాడు. తర్వాత మలుపులో మక్క చేలు అడ్డమయ్యాయి.

ఆమె మళ్ళీ వచ్చి గట్టు మీద కూర్చుంది. దూరంగా, ఎర్ర పడవ ఒకటి ఆకాశంలో తేలుతున్నట్టు ఉంది. ఎడమచేత్తో ఫోను తీసి ప్రిస్కిల్లా నంబరు నొక్కింది. పాదాలకు చుట్టుకున్న ట్యూబు ముక్కలు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఏందమ్మా, డ్యూటీల ఉన్న."

"బిడ్డా, మీ బాపు పోయిన దినం గురించి ఒక ముచ్చట చెప్పాలె. నీకు ఒకసారి అబద్ధం చెప్పిన."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత తలుపు మూసిన చప్పుడు వచ్చాయి. రూతమ్మ కుడిచేతి పిడికిలి గట్టిగా బిగించింది.

"చెప్పమ్మా," అంది ప్రిస్కిల్లా. తర్వాత, "ఏం చప్పుడమ్మా అది?"

రూతమ్మ పిడికిలి వైపు చూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి, అతను ఆపడం మరిచిపోయిన ఆ గోధుమరంగు మిషను సన్నగా, తెంపు లేకుండా కూస్తోంది.